‘కుదరదు’ అని చెప్పగల ప్రాసెసర్

డేటా సెంటర్‌లో ఒక సర్వర్ మీద నడుస్తున్న వర్చువల్ మెషీన్‌ను ఆపకుండానే ఇంకో సర్వర్ మీదికి మార్చేస్తారు. లోపల డేటాబేస్ తన లెక్కలు తాను చేసుకుంటూనే ఉంటుంది, వెబ్‌సైట్ అడిగినవాళ్లకు జవాబులిస్తూనే ఉంటుంది, కింద ఉన్న యంత్రం మాత్రం మారిపోతుంది. దీన్ని లైవ్ మైగ్రేషన్ అంటారు. 2005లో కేంబ్రిడ్జ్, కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు వర్చువల్ మెషీన్లను నడిపే జెన్ అనే హైపర్‌వైజర్ సాఫ్ట్‌వేర్ మీద దీన్ని చేసి చూపించారు. అప్పుడు క్వేక్ 3 ఆటను నడిపే సర్వర్ ఆగింది దాదాపు 60 మిల్లీసెకన్లే. ఈ విద్య గురించి చెప్పేటప్పుడు మెమరీని ఎలా కాపీ చేస్తారు, నెట్‌వర్క్ చిరునామాను ఎలా వెంట తీసుకెళ్తారు అన్నవే ఎక్కువగా వినిపిస్తాయి. వాటికి ముందు తీరాల్సిన షరతు ఒకటుంది. బయల్దేరిన చోట సాఫ్ట్‌వేర్‌కు ఎలాంటి ప్రాసెసర్ కనిపించిందో, చేరిన చోటా అచ్చం అలాంటిదే కనిపించాలి.

అది దానంతటది జరగదు. ఏ సంస్థా సర్వర్లన్నిటినీ ఒకేసారి కొనదు. అయిదేళ్ల కిందటివీ ఈ ఏడాదివీ ఒకే వరసలో పనిచేస్తుంటాయి. అందుకని కొత్త ప్రాసెసర్ చేత పాత ప్రాసెసర్ వేషం వేయిస్తారు. కింద ఉన్న అసలు యంత్రాన్ని హోస్ట్ అనీ, దాని మీద నడిచే వర్చువల్ మెషీన్‌ను గెస్ట్ అనీ అంటారు. క్యూఎమూ వంటి సాఫ్ట్‌వేర్‌కు ‘ఈ గెస్ట్‌కు ఐబీఎం పవర్ 8 ప్రాసెసర్ లాగా కనిపించు’ అనో, ‘ఇంటెల్ హాస్‌వెల్ లాగా కనిపించు’ అనో చెబుతారు. ఇదే కంపాటిబిలిటీ మోడ్. ఇది ఒక సెట్టింగ్ మార్చడం లాంటిదేనని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో ఇది హార్డ్‌వేర్ తరఫున సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చే మాట. చెల్లుతుందో లేదో ఇచ్చే ముందే సరిచూడాలి, చెల్లకపోతే ఆ మెషీన్‌ను మొదలుకానివ్వకూడదు. సరిచూడకుండా పెట్టిన మోడ్ అసలు మోడ్ లేకపోవడం కన్నా ప్రమాదం. లేదని తెలిసినవాడు జాగ్రత్తపడతాడు, ఉందని నమ్మినవాడు నిశ్చింతగా ఉండిపోతాడు.

ఈ మాటకు పాత చరిత్రే ఉంది. 1964 ఏప్రిల్‌లో ఐబీఎం సిస్టమ్/360ని ప్రకటించినప్పుడు దాని వెనక ఉన్న ప్రధాన ఆలోచన, చిన్న యంత్రం మీద రాసిన ప్రోగ్రాం పెద్ద యంత్రం మీద కూడా మార్చకుండా నడవాలన్నదే. పదేళ్ల తర్వాత, 1974లో, జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ వర్చువల్ మెషీన్‌కు ఉండాల్సిన లక్షణాలను గణితపరంగా నిర్వచించారు. వాటిలో ఒకటి సమానత: వేగంలో, అందుబాటులో ఉన్న వనరుల్లో తేడాలను పక్కనపెడితే, ప్రోగ్రాం అసలు యంత్రం మీద ఎలా ప్రవర్తిస్తుందో వర్చువల్ మెషీన్‌లో కూడా అలాగే ప్రవర్తించాలి. కంపాటిబిలిటీ మోడ్ ఈ షరతును ఇంకాస్త కఠినం చేస్తుంది. ఇక్కడ ‘అసలు యంత్రం’ అంటే కింద ఉన్నది కాదు, మనం పేరు పెట్టి చెప్పినది. ఎదురుగా లేని యంత్రంతో సమానంగా ప్రవర్తిస్తానని ఒప్పుకుంటున్నాం కాబట్టి, పోల్చి చూసుకోవడానికి పక్కనే ఇంకో యంత్రం ఉండదు. మిగిలే ఆధారం ముందుగా చేసుకునే తనిఖీ ఒక్కటే.

ఒక్కసారే అడిగే ప్రోగ్రాములు

ప్రాసెసర్‌కు ఏమేం చేతనవునో ప్రోగ్రాములు దాన్నే అడిగి తెలుసుకుంటాయి. ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్లలో దీనికి సీపీయూఐడీ అనే ఇన్‌స్ట్రక్షన్ ఉంది. 1993లో వచ్చిన పెంటియం నాటి నుంచి ఇది స్థిరపడింది. ఒక్కో సామర్థ్యానికి ఒక్కో బిట్ ఉంటుంది, 1 అంటే ఉన్నట్టు, 0 అంటే లేనట్టు. అయితే ప్రోగ్రాములు ఈ ప్రశ్నను మాటిమాటికీ అడగవు. లైనక్స్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ వాడుకునే జీలిబ్‌సీ లైబ్రరీనే చూడండి. మెమరీని కాపీ చేసే ఫంక్షన్‌కు అందులో చాలా రూపాలున్నాయి: పాత ప్రాసెసర్లకు ఒకటి, ఏవీఎక్స్ అనే ఇన్‌స్ట్రక్షన్లు ఉన్నవాటికి ఒకటి, ఏవీఎక్స్-512 ఉన్నవాటికి ఇంకొకటి. ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు ప్రాసెసర్‌ను ఒకసారి అడిగి తగిన రూపాన్ని ఎంచుకుంటుంది, దాని చిరునామాను రాసిపెట్టుకుంటుంది. ఆ తర్వాత నెలల తరబడి నడిచినా మళ్లీ అడగదు. కొత్త వంటింట్లోకి అడుగుపెట్టగానే ఏ గిన్నె ఎక్కడుందో ఒకసారి చూసుకుని, ఆపైన చూడకుండానే చేయి చాపే వంటమనిషి పద్ధతి అది. వంట మధ్యలో ఎవరో వంటింటినే మార్చేస్తే చాపిన చేతికి ఏం తగులుతుందో చెప్పలేం.

తగలకపోవడమూ రెండు రకాలు. మొదటి రకం పైకి కనిపిస్తుంది. కొత్త సర్వర్ మీద మొదలైన ప్రోగ్రాం ఏవీఎక్స్-512 రూపాన్ని ఎంచుకుంది, తర్వాత గెస్ట్ పాత సర్వర్ మీదికి చేరింది అనుకుందాం. ఆ ఇన్‌స్ట్రక్షన్ వచ్చిన క్షణాన పాత ప్రాసెసర్ ‘ఇదేమిటో నాకు తెలియదు’ అని తప్పు లేవనెత్తుతుంది, ఆపరేటింగ్ సిస్టమ్ ఆ ప్రోగ్రాంను చంపేస్తుంది. నష్టం జరిగినా జాడ మిగులుతుంది. రెండో రకానికి జాడ కూడా ఉండదు. ఎల్‌జడ్‌కౌంట్ అనే ఇన్‌స్ట్రక్షన్ ఉంది. ఒక సంఖ్యను బిట్లుగా రాస్తే మొదట్లో ఎన్ని సున్నాలున్నాయో అది లెక్కపెడుతుంది. ఇంటెల్‌లో ఇది 2013 నాటి హాస్‌వెల్‌తో వచ్చింది. యంత్రభాషలో దీన్ని రాసే తీరు చూస్తే, పాత బీఎస్ఆర్ అనే ఇన్‌స్ట్రక్షన్‌కే ముందు ఒక బైటు తగిలించినట్టుంటుంది. హాస్‌వెల్‌కు ముందటి ఐవీ బ్రిడ్జ్ ఆ ముందు బైటును పట్టించుకోదు, నేరుగా బీఎస్ఆర్ నడిపేస్తుంది. బీఎస్ఆర్ చెప్పేది సున్నాల లెక్క కాదు, పైనుంచి చూస్తే మొదట కనిపించే 1 ఏ స్థానంలో ఉందన్నది. 32 బిట్ల సంఖ్యగా 256ను ఇస్తే ఎల్‌జడ్‌కౌంట్ 23 అంటుంది, బీఎస్ఆర్ 8 అంటుంది. ప్రోగ్రాం కూలిపోదు, ఎక్కడా హెచ్చరిక రాదు. 23 రావాల్సిన చోట 8 వస్తుంది, ఆ 8తోనే లెక్క ముందుకు సాగుతుంది. కుదింపు సాఫ్ట్‌వేర్‌లోనో డేటాబేస్‌లోనో ఇలాంటి తప్పు దూరితే, పాడైన డేటా ఎప్పుడో బయటపడుతుంది. దానికి కారణం మాత్రం అప్పటికి ఎవరికీ అందదు.

పవర్ సర్వర్లలో మూడు ప్రశ్నలు

ఈ సమస్యను హార్డ్‌వేర్ స్థాయిలోనే ఆలోచించి కట్టినవి ఐబీఎం పవర్ ప్రాసెసర్లు. ప్రతి పవర్ ప్రాసెసర్‌లోనూ పీవీఆర్ అనే రిజిస్టర్ ఉంటుంది. అది ప్రాసెసర్ అసలు గుర్తింపు సంఖ్య. పవర్ 8దీ పవర్ 9దీ వేరువేరు. దీనికి తోడు లాజికల్ పీవీఆర్ అనే సంఖ్యలు కొన్ని ఉన్నాయి. అవి ఏ చిప్పుకూ చెందవు, ఆర్కిటెక్చర్ తరానికి చెందుతాయి. పవర్ 6 నాటి 2.05 తరానికి ఒకటి, పవర్ 7 నాటి 2.06కు ఒకటి, పవర్ 8 నాటి 2.07కు, పవర్ 9 నాటి 3.0కు, పవర్ 10 నాటి 3.1కు ఒక్కొక్కటి. గెస్ట్‌కు అందించే యంత్ర వివరాల పట్టికలో ఈ లాజికల్ సంఖ్య కనిపిస్తే, లైనక్స్ కెర్నల్ అసలు పీవీఆర్‌ను పక్కనపెట్టి దీన్నే ప్రమాణంగా తీసుకుంటుంది. పీసీఆర్ అనే మరో రిజిస్టర్ కూడా ఉంది. దాన్ని హైపర్‌వైజర్ మాత్రమే మార్చగలదు. అందులో ఒక బిట్‌ను 1 చేస్తే దానికి సంబంధించిన కొత్త ఇన్‌స్ట్రక్షన్లు మామూలు ప్రోగ్రాములకు మూసుకుపోతాయి. అంటే లాజికల్ పీవీఆర్ వేషమైతే, ఆ వేషానికి తగ్గట్టు నడుచుకునేలా చేసే కట్టడి పీసీఆర్. రెండూ ఒకదానికొకటి సరిపోవాలి. పవర్ 7నని చెప్పుకుంటూ పీసీఆర్‌లో ఏ బిట్టూ పెట్టకపోతే అది అబద్ధం అవుతుంది.

క్యూఎమూలో పవర్ భాగపు తొలినాటి కోడ్ సరిగ్గా ఈ అబద్ధానికే తావిచ్చింది. అడిగిన తరం తెలిసినదైతే తగిన బిట్లు పెట్టేది. తెలియనిదైతే పీసీఆర్‌లో సున్నా పెట్టి, ఏ అభ్యంతరమూ చెప్పకుండా ముందుకు సాగేది. సున్నా అంటే ఏ ఆంక్షా లేదని అర్థం. ‘నీ మాట నాకు అర్థం కాలేదు’ అనాల్సిన చోట ‘సరే’ అంటూ తలుపులన్నీ తెరిచేసింది. తర్వాత ఈ భాగాన్ని తిరగరాసినప్పుడు, మోడ్ పెట్టే ఫంక్షన్ ముందే ప్రశ్నలు వేసేలా చేశారు. అడిగిన లాజికల్ పీవీఆర్ అసలు పట్టికలో ఉందా? లేకపోతే ‘తెలియని కంపాటిబిలిటీ పీవీఆర్’ అని తిప్పికొడుతుంది. పట్టికలో ఉంటే, ఈ ప్రాసెసర్ పీసీఆర్ ఆ తరాన్ని చూపగలదా? పవర్ 7 మీద పవర్ 8 మోడ్ అడిగితే ఇక్కడ ఆగిపోతుంది, ‘ఆ పీవీఆర్ ఈ సీపీయూకు చెల్లదు’ అన్న సందేశం వస్తుంది. మూడోది, బూట్ సమయంలో గెస్ట్‌తో జరిగే సంప్రదింపులో వేసేది: నిర్వాహకుడు ఈ మెషీన్‌కు పెట్టిన పరిమితికి లోబడి ఉందా? ఈ ప్రశ్నల్లో దేనికి లేదని జవాబొచ్చినా రిజిస్టర్‌ను ముట్టుకోరు. చూడటానికి ఇవి నాలుగైదు పంక్తుల కోడే. వేషం వేసుకోవడానికీ మాట ఇవ్వడానికీ మధ్య తేడా మాత్రం ఆ పంక్తుల్లోనే ఉంది.

మాట ఒక్కసారి సరిచూస్తే సరిపోదు, అది మారే అవకాశమున్న ప్రతి చోటా సరిచూడాలి. పవర్ గెస్ట్‌లో అలాంటి చోట్లు కొన్ని స్పష్టంగా కనిపిస్తాయి. బూట్ అయ్యేటప్పుడు గెస్ట్ కెర్నల్ తాను అర్థం చేసుకోగల ప్రాసెసర్ల జాబితాను హైపర్‌వైజర్‌కు ఇస్తుంది. క్యూఎమూ ఆ జాబితాను, హోస్ట్ సామర్థ్యాన్ని, నిర్వాహకుడి పరిమితిని పక్కపక్కన పెట్టి చూసి ఇరుపక్షాలకూ నచ్చిన తరాన్ని ఎంచుతుంది. ఏదీ కుదరకపోతే ఆ సంప్రదింపు విఫలమైందని చెప్పేస్తుంది. నడుస్తున్న గెస్ట్‌కు కొత్త సీపీయూ కోర్‌ను తగిలిస్తే, అది బూట్ సీపీయూ ఉన్న మోడ్‌లోనే ఉండాలి. ఒకే గెస్ట్‌లో ఒక కోర్ పవర్ 8, పక్కది పవర్ 9 అయితే ప్రోగ్రాం ఏ కోర్ మీద పడిందన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. మైగ్రేషన్ ముగిసి గెస్ట్ కొత్త హోస్ట్ మీద దిగేటప్పుడు నియమం మరీ కచ్చితం. గెస్ట్ కంపాటిబిలిటీ మోడ్‌లో ఉంటే చేరిన ప్రాసెసర్ ఆ మోడ్‌ను నిజంగా చూపగలగాలి. మోడ్ లేకుండా అసలు రూపంలో ఉంటే, చేరిన ప్రాసెసర్ సరిపోయే మోడల్ అయితేనే ఒప్పుకుంటుంది. కోర్‌కు ఎన్ని థ్రెడ్లు అన్నదీ ఈ లెక్కలోదే. పవర్ 7 కోర్‌కు 4, పవర్ 8 కోర్‌కు 8. పవర్ 8 మీద పవర్ 7 మోడ్‌లో ఉన్న గెస్ట్‌కు కోర్‌కు 4 థ్రెడ్లకు మించి చూపకూడదని పట్టికలోనే రాసి ఉంటుంది. ఇన్‌స్ట్రక్షన్లు సరిపోయినంత మాత్రాన వేషం సరిపోయినట్టు కాదు.

ఇంటెల్ దారిలో టీఎస్ఎక్స్ పాఠం

ఇంటెల్, ఏఎమ్‌డీ దారి వేరు. అక్కడ పీసీఆర్ వంటి ఒకే తాళం లేదు. గెస్ట్ సీపీయూఐడీ అడిగినప్పుడల్లా హైపర్‌వైజర్ మధ్యలో అందుకుని, తాను తయారుచేసిన జవాబు ఇస్తుంది. ఆ జవాబులో ఏ బిట్లు ఉండాలో క్యూఎమూలోని సీపీయూ మోడల్ పట్టిక చెబుతుంది. మోడల్ అడిగిన బిట్లలో ఏదైనా హోస్ట్‌లో లేకపోతే ఏం చేయాలన్నదే ఇక్కడ కీలకమైన ప్రశ్న. దీనికి క్యూఎమూ రెండు తీర్లు ఇచ్చింది. ‘చెక్’ అయితే లేని బిట్‌ను తీసేసి, హెచ్చరిక రాసి, గెస్ట్‌ను మొదలుపెడుతుంది. ‘ఎన్‌ఫోర్స్’ అయితే మొదలుపెట్టడానికే నిరాకరిస్తుంది. ఏమీ చెప్పకపోతే వర్తించేది ‘చెక్’. హెచ్చరిక మాత్రం సూటిగానే ఉంటుంది. అడిగిన ఫీచర్ హోస్ట్‌లో లేదంటూ, సీపీయూఐడీ ఏడో విభాగంలోని ఈబీఎక్స్ రిజిస్టర్‌లో నాలుగో బిట్, హెచ్‌ఎల్ఈ అని వేలు పెట్టి చూపిస్తుంది. చిక్కల్లా ఆ పంక్తి లాగ్ ఫైల్లోకి వెళ్తుంది, గెస్ట్ మాత్రం మామూలుగా లేచి కూర్చుంటుంది. లేచిన మెషీన్ లాగ్‌ను ఎవరూ తెరవరు.

ఆ హెచ్‌ఎల్ఈ బిట్‌ను ఉదాహరణగా తీసుకోవడానికి కారణముంది. హాస్‌వెల్‌తో ఇంటెల్ టీఎస్ఎక్స్ అనే ట్రాన్సాక్షనల్ మెమరీ సౌకర్యాన్ని తెచ్చింది. దానిలో హెచ్‌ఎల్ఈ, ఆర్‌టీఎం అని రెండు భాగాలు. 2014 ఆగస్టులో అందులో లోపముందని తేలింది. ప్రాసెసర్ లోపలి కోడ్ అయిన మైక్రోకోడ్‌కు అప్‌డేట్ ఇచ్చి ఆ సౌకర్యాన్ని ఆపేశారు. రాత్రి వరకూ ‘హాస్‌వెల్’ అనిపించుకున్న హోస్ట్, అప్‌డేట్ అయి తిరిగి లేచేసరికి ‘హాస్‌వెల్’ మోడల్ అడిగే బిట్లన్నీ ఇవ్వలేని స్థితికి వచ్చింది. క్లస్టర్‌లో కొన్ని సర్వర్లు అప్‌డేట్ అయి, కొన్ని కాకుండా ఉంటే ఒకే మోడల్ పేరుతో రెండు వేర్వేరు ప్రాసెసర్లు తిరుగుతున్నట్టే. ‘చెక్’ తీరులో రెండు చోట్లా గెస్ట్ లేస్తుంది. ఒకచోట టీఎస్ఎక్స్ ఉందని నమ్మి మొదలైన ప్రోగ్రాం ఇంకోచోట అది లేని ప్రాసెసర్ మీదికి వచ్చి పడుతుంది. చివరికి క్యూఎమూ ‘హాస్‌వెల్-నోటీఎస్ఎక్స్’ అనే వేరే మోడల్‌నే చేర్చింది. లేనిదాన్ని లేదని పేరులోనే చెప్పడం అన్నమాట. పవర్ వైపూ ఇలాంటిదే జరిగింది. 2.07 ఆర్కిటెక్చర్‌తో వచ్చిన ట్రాన్సాక్షనల్ మెమరీని 3.1లో తొలగించారు. కొత్త తరం పాత తరాన్ని మొత్తం తనలో కలుపుకుంటుందన్న నమ్మకాన్ని ఈ రెండు ఉదాహరణలూ పడగొడతాయి. ఏ తరం మీద ఏ మోడ్ చెల్లుతుందో క్రమాన్ని బట్టి ఊహించకూడదు, పట్టికలో రాసి, ప్రతిసారీ సరిచూడాలి.

అభ్యంతరాలూ సమాధానాలూ

దీనికి మొదట వినిపించే అభ్యంతరం: అన్నిటికన్నా తక్కువ సామర్థ్యమున్న మోడల్ పెట్టేస్తే గొడవే ఉండదు కదా, ఎక్కడైనా నడుస్తుంది. ఒకప్పుడు ఈ మాటలో కొంత నిజముండేది. క్యూఎమూలో కేవీఎం64 వంటి మోడళ్లు దీనికోసమే ఉన్నాయి. కానీ సాఫ్ట్‌వేర్ కూడా తన కనీస అవసరాలను పెంచుకుంటూ పోతుంది. 2020లో 64 బిట్ల ఇంటెల్ తరహా ప్రాసెసర్లను నాలుగు మెట్లుగా విభజించారు. 2022లో వచ్చిన రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 9కు రెండో మెట్టు తప్పనిసరి. దాన్ని కేవీఎం64 మోడల్ మీద లేపబోతే, కింద ఎంత కొత్త ప్రాసెసర్ ఉన్నా, జీలిబ్‌సీ మొదట్లోనే ‘ఈ సీపీయూ రెండో మెట్టుకు చాలదు’ అని చెప్పి ఆగిపోతుంది. భద్రత విషయంలో తక్కువ చూపడం మరీ చేటు. 2018 జనవరిలో ప్రాసెసర్లలో స్పెక్టర్ అనే భద్రతా లోపం బయటపడ్డాక, దాని నుంచి కాపాడుకునే కొత్త నియంత్రణలు మైక్రోకోడ్ ద్వారా వచ్చాయి. వాటిని సూచించే బిట్ గెస్ట్‌కు కనిపించకపోతే గెస్ట్ కెర్నల్ ఆ నియంత్రణలను వాడుకోలేదు. అందుకే క్యూఎమూ పాత మోడళ్ల పేర్లకు ఐబీఆర్‌ఎస్ అనే తోక తగిలించి కొత్తవి విడుదల చేసింది. తక్కువగా చెప్పడం కూడా తప్పుగా చెప్పడమే. ఆ తప్పును కూడా తనిఖీ పట్టుకోవాలి.

రెండోది దీనికి పూర్తిగా ఎదురు వాదన: హోస్ట్ ప్రాసెసర్‌ను ఉన్నదున్నట్టు చూపించేయండి, వేషమే లేకపోతే అబద్ధమూ ఉండదు. నిజమే, ఒకే హోస్ట్ మీద పుట్టి అక్కడే ఆగిపోయే గెస్ట్‌కు ఇది చక్కగా సరిపోతుంది, వేగం కూడా పూర్తిగా అందుతుంది. కానీ హోస్ట్‌కు మరమ్మతు వచ్చినప్పుడు ఆ గెస్ట్‌ను ఇంకెక్కడికీ తరలించలేం, తరలిస్తే అచ్చం అలాంటి ప్రాసెసర్ ఉన్న చోటికే. ఒకే మోడల్ సర్వర్లు రెండు కొన్నా, మైక్రోకోడ్ వెర్షన్ తేడా ఉంటే అవి ఒకటి కావని టీఎస్ఎక్స్ చూపించింది. కాబట్టి ఈ దారిలోనూ తనిఖీ నుంచి తప్పించుకోలేం. గెస్ట్ మొదలయ్యేటప్పుడు జరగాల్సిన తనిఖీ గెస్ట్ కదిలేటప్పటికి వాయిదా పడుతుంది, అంతే.

మూడోది అనుభవజ్ఞులు చెప్పే మాట, తేలిగ్గా కొట్టిపారేయలేనిది. ఒక్క బిట్ తక్కువైందని సర్వీసు మొత్తాన్ని లేవనివ్వకపోవడం అతి అంటారు. ఆ బిట్‌ను ఆ గెస్ట్ ఎన్నడూ వాడకపోవచ్చు, హెచ్చరిక చాలదా అని అడుగుతారు. కరెంటు పోయి వచ్చాక వందలాది మెషీన్లు ఒకేసారి లేవాల్సిన వేళ నిరాకరణ ఎంత భారమో ఊహించగలను. అయినా ఈ రెండు నష్టాలను పక్కపక్కన పెట్టి చూడాలి. నిరాకరణ వల్ల వచ్చే నష్టం వెంటనే కనిపిస్తుంది, కారణం సందేశంలోనే ఉంటుంది, ఒక మోడల్ పేరు మార్చితే తీరిపోతుంది. హెచ్చరికను దాటిపోవడం వల్ల వచ్చే నష్టం ఎప్పుడొస్తుందో తెలియదు, కారణానికీ ఫలితానికీ మధ్య వారాలు గడిచిపోతాయి. 256కు 23 బదులు 8 వచ్చిన లెక్కలా అది డేటాలోకి ఇంకిపోతే సరిదిద్దడం కూడా సాధ్యపడకపోవచ్చు. ఆ బిట్‌ను గెస్ట్ వాడదని కచ్చితంగా తెలిసినవాళ్లకు ఇంకో దారి ఉంది, దాన్ని మోడల్ నుంచి పేరు పెట్టి తీసేసి అడగవచ్చు. అప్పుడు నిర్ణయం మనిషిది అవుతుంది, రాతపూర్వకంగా నిలుస్తుంది. యంత్రం తనంతట తాను తీసేస్తే అది ఎవరి నిర్ణయమూ కాదు.

నాలుగో అభ్యంతరం సాంకేతికంగా అన్నిటికన్నా బలమైనది. ఈ వేషం నిజంగా కట్టడి చేయడం లేదు కదా అంటారు. సీపీయూఐడీలో బిట్‌ను దాచినంత మాత్రాన ఇన్‌స్ట్రక్షన్ పనిచేయడం మానదు. ఏవీఎక్స్ వంటివి పెద్ద రిజిస్టర్లు వాడతాయి కాబట్టి, వాటిని అనుమతించే నియంత్రణ రిజిస్టర్‌ను హైపర్‌వైజర్ తన చేతిలో ఉంచుకుని నిజంగానే మూసేయగలదు. ఏఈఎస్, పాప్‌కౌంట్, ఎల్‌జడ్‌కౌంట్ వంటి ఇన్‌స్ట్రక్షన్లు ఎప్పుడూ తెరిచే ఉండే పాత రిజిస్టర్లతోనే పనిచేస్తాయి కాబట్టి వాటిని ఆపే తాళం లేదు. అడగకుండానే వాడేసే ప్రోగ్రాంకు కొత్త హోస్ట్ మీద అవి పనిచేస్తాయి, పాతదాని మీద పనిచేయవు. పవర్ పీసీఆర్ కూడా మామూలు ప్రోగ్రాములను కట్టడి చేస్తుంది తప్ప గెస్ట్ కెర్నల్‌ను కాదు. ఇదంతా నిజం. కానీ దీన్నుంచి వచ్చే నిర్ణయం ‘కాబట్టి తనిఖీ దండగ’ అన్నది కాదు. మాటకు రెండు పక్షాలుంటాయి. ఏం ఉందో నిజం చెప్పడం హైపర్‌వైజర్ బాధ్యత, చెప్పినదాన్నే వాడటం ప్రోగ్రాం బాధ్యత. అడగకుండా వాడిన ప్రోగ్రాం కూలితే తప్పు ప్రోగ్రాందని తేల్చగలం. అడిగి, విని, నమ్మి వాడిన ప్రోగ్రాం కూలితే తప్పెవరిదో తెలియాలంటే హైపర్‌వైజర్ చెప్పినది నిజమని ముందుగా రూఢి అయి ఉండాలి. కట్టడి ఎక్కడ వదులుగా ఉందో, చెప్పే మాట అక్కడ మరింత కచ్చితంగా ఉండాలి.

అయిదోది: అసలు హార్డ్‌వేర్ మీద ఆధారపడటమెందుకు, ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌నూ సాఫ్ట్‌వేర్‌లోనే అనుకరిస్తే ఏ వేషమైనా వేయవచ్చు కదా? 2003లో ఫాబ్రీస్ బెలార్డ్ క్యూఎమూను మొదలుపెట్టింది ఆ పద్ధతితోనే. ఇప్పటికీ ఒక జాతి ప్రాసెసర్ మీద ఇంకో జాతి ప్రోగ్రాములు నడపడానికి ఇదే దారి. కాకపోతే వేగం బాగా తగ్గుతుంది. పైగా అనుకరణ అంటే ప్రాసెసర్‌ను మళ్లీ మొదటి నుంచి సాఫ్ట్‌వేర్‌గా రాయడమే. అలా రాసినదానిలోనూ కొన్ని ఇన్‌స్ట్రక్షన్లు ఇంకా లేకపోవచ్చు, ఉన్నవాటిలో తప్పులుండవచ్చు. అందుకే క్యూఎమూ తన సొంత అనుకరణకు కూడా అదే ‘చెక్’, ‘ఎన్‌ఫోర్స్’ నియమాన్ని వర్తింపజేస్తుంది. మోడల్ అడిగింది తనకు చేతకాకపోతే చేతకాదని చెబుతుంది.

తప్పాల్సినవి తప్పుతున్నాయా?

తనిఖీ కోడ్ రాసినంత మాత్రాన పని పూర్తికాదు. ఆ తనిఖీ సరిగ్గా పనిచేస్తోందని పరీక్షించాలి. సాఫ్ట్‌వేర్ పరీక్షల్లో సాధారణంగా పని జరగాల్సిన చోట జరిగిందా అని చూస్తారు. ఇక్కడ జరగకూడనిది జరగకుండా ఆగిందా అన్నది అంతకన్నా ముఖ్యం. పవర్ 7 మీద పవర్ 8 మోడ్ అడిగి, నిరాకరణ వచ్చిందని చూడాలి. పట్టికలో లేని సంఖ్య ఇచ్చి, తిరస్కరణ వచ్చిందనే కాక పీసీఆర్ కదలలేదని కూడా చూడాలి. రీసెట్ చేశాక మోడ్ మొదటి స్థితికి వచ్చిందా, తర్వాత తగిలించిన కోర్ మిగతావాటి మోడ్‌లోనే ఉందా అని చూడాలి. గెస్ట్‌ను పాత హోస్ట్ నుంచి కొత్తదానికీ, మళ్లీ కొత్తదాని నుంచి పాతదానికీ పంపి చూడాలి. ఎందుకంటే ఎదుగుతూ వెళ్లే దారిలో తప్పులు దాక్కుంటాయి, తిరుగు ప్రయాణంలో బయటపడతాయి. పాత మెషీన్ వెర్షన్ పేరుతో మొదలైన గెస్ట్‌కు సీపీయూఐడీ విలువలు పాతవే వస్తున్నాయా అని చూసే పరీక్ష ఒకటి క్యూఎమూలో ప్రత్యేకంగా ఉంది. సాఫ్ట్‌వేర్ ఎన్నిసార్లు కొత్తదైనా పాత మాట మారకూడదని అది కాపలా కాస్తుంది.

ఈ శ్రమ అవసరమా అని అనుమానమున్నవాళ్లకు 2015లో వచ్చిన ఒక పరిశోధన గట్టి జవాబు. నదవ్ అమిత్, అతని సహచరులు ఒక సూటి ప్రశ్న వేసుకున్నారు: వర్చువల్ సీపీయూ కూడా సీపీయూనే కదా, అయితే అసలు ప్రాసెసర్లను పరీక్షించే సాధనాలతోనే దాన్నీ ఎందుకు పరీక్షించకూడదు? ఇంటెల్ తన చిప్పులకు వాడే పరీక్షా వ్యవస్థను లైనక్స్ కేవీఎం హైపర్‌వైజర్‌కు తగ్గట్టు మలిచి నడిపారు. 117 లోపాలు బయటపడ్డాయి, వాటిని సరిచేశారు. అందులో ఆరు భద్రతకు సంబంధించినవి. అంతేకాదు, ఇంటెల్ వర్చువలైజేషన్ హార్డ్‌వేర్‌లోనే నాలుగు లోపాలు కనిపించాయి, వాటి వల్ల అసలు యంత్రానికీ వర్చువల్ యంత్రానికీ ప్రవర్తనలో తేడా వస్తోంది. కేవీఎం అప్పటికే లైనక్స్ కెర్నల్‌లో చేరి ఎనిమిదేళ్లయింది, ఎన్నో సంస్థలు దాని మీద పెద్ద పెద్ద వ్యవస్థలు నడుపుతున్నాయి. అంత వాడకంలోనూ బయటపడని తప్పులు, ఇలాగే ప్రవర్తించాలని ముందుగా రాసుకున్న ప్రమాణంతో పోల్చగానే బయటపడ్డాయి. పనిచేస్తున్నట్టు కనిపించడం వేరు, చెప్పినట్టు పనిచేస్తోందని తేలడం వేరు.

వీటన్నిటినీ కలిపి చూస్తే ఆచరణలో చేయాల్సినవి కొన్ని తేలుతాయి. గెస్ట్‌లను ఒక హోస్ట్ నుంచి ఇంకో హోస్ట్‌కు మార్చే ప్రతి వ్యవస్థలోనూ నిరాకరించడమే మామూలు తీరు కావాలి, హెచ్చరించి వదిలేయడం కోరి ఎంచుకునేది కావాలి. క్యూఎమూలో ఇంటెల్, ఏఎమ్‌డీ వైపు మామూలు తీరు దీనికి తలకిందులుగా ఉంది. నిరాకరణ సందేశం ఏ బిట్ వల్ల, ఏ హోస్ట్ మీద, ఏ మోడల్ అడిగితే వచ్చిందో చెప్పాలి, లేకపోతే విసిగిపోయిన నిర్వాహకుడు తనిఖీనే తీసేస్తాడు. మైక్రోకోడ్ అప్‌డేట్ చేసిన ప్రతిసారీ క్లస్టర్‌లోని హోస్ట్‌లన్నీ ఏ మోడళ్లను నిజంగా ఇవ్వగలవో మళ్లీ లెక్కగట్టాలి. ఇందులో దేనికీ కొత్త సిద్ధాంతం అక్కర్లేదు, పవర్ వైపు చాలావరకు ఇది ఇప్పటికే నడుస్తున్న పద్ధతి. వర్చువల్ మెషీన్‌లో నడిచే ప్రోగ్రాంకు కింద ఏముందో చూసుకునే వీలు లేదు. అది చేయగలిగింది ఒక్కటే, మొదట్లో ఒకసారి అడగడం, వచ్చిన జవాబును నమ్మి ముందుకు పోవడం. అంతగా నమ్మేవాళ్లకు చెప్పే జవాబును సరిచూసి చెప్పడం అదనపు సౌకర్యం కాదు, ఆ సాఫ్ట్‌వేర్ చేయాల్సిన మొదటి పని.